నీలివార్త: ఒక నుడిని గూర్చిన విమర్శనము

తెలుఁగున “నీలివార్త” యనఁగాఁ గల్లమాట. ఎవరో పుట్టింపఁగా నోటనోటఁ బడి పెరిగి, తుదకు మూలమే లేదని తేలిపోవు వదంతి. ఈ మాట యర్థము నెఱిఁగినవారు పెక్కండ్రు; దీని పుట్టుక నరసినవారు కొందఱే. నీలి యనునది రంగు. వార్త యనునది మాట. రంగునకును మాటకును జుట్టఱిక మెట్లు కలిగెను? కల్లకు వేఱొక రంగు కాక నీలియే యేల యంటెను? ఈ ప్రశ్నము పైకి నిఘంటుకారులకు మాత్రమే సంబంధించినట్లు తోఁచును. కాని దీనిఁ దుదముట్టఁ బరిశీలించినచో, నొక పెద్ద వృత్తి నశించిన విధమును, ఆ నాశమును దెలుఁగు వాఙ్మయము గుర్తింపక విడిచిన విధమును బయల్పడును.

ఈ పరిశీలనకుఁ జిత్తూరు సీమ తగిన తావు. చిత్తూరునుండి పలమనేరునకుఁ బోవు బాటమీఁద బంగారుపాళ్యము కలదు. తెలుఁగు, తమిళము, కన్నడము నొండొంటి నొరసికొను ప్రదేశమిది. దీని కుత్తరముగా నొకప్పుడు నీలిమందునకుఁ బేరుగాంచిన కడప సీమ. తూర్పుగా నీలి యను పిశాచి కథకుఁ బుట్టినిల్లయిన తిరువాలంగాటి ప్రాంతము. ఈశాన్యముగాఁ గలంకారి పనికిఁ బ్రసిద్ధమైన శ్రీకాళహస్తి. 1911లో నుత్తర ఆర్కాటునుండి కొన్ని తాలూకాలను, గడపనుండి కొన్ని తాలూకాలను విడఁదీసి చిత్తూరు జిల్లా నేర్పఱచిరి. కావున నీ మాటకుఁ జెప్పఁదగిన వ్యుత్పత్తులలో ముఖ్యమైనవి యీ సీమ చుట్టునే యున్నవి. వానిని వరుసగాఁ బరీక్షింపవలసియున్నది.

మొదటి యూహ పంచతంత్రమునకు సంబంధించినది. మిత్రభేదమందలి చండరవుఁ డను నక్క నీలితొట్టిలోఁ బడి, రంగు మాఱి, తాను మృగములకు రాజునని నమ్మించి, తుదకుఁ దన కూఁతచేతనే బయల్పడి చచ్చును. నీలికిని వంచనకును సంబంధ మిందు స్పష్టమే. కాని నక్క చేసినది వేషము, వార్త కాదు. అది తానే యెదుట నిలిచి మోసపుచ్చెను. నోటనోటఁ బ్రాకు వదంతి యా కథకుఁ బ్రాణము కాదు. “నీలివేషము” అను నుడి ప్రసిద్ధమై యుండినచో నీ కథను దానికి మూలముగాఁ జెప్పవచ్చును. నీలివార్తకుఁ జెప్పుట పొసఁగదు.

రెండవ యూహ తమిళదేశపుఁ గథకు సంబంధించినది. తిరువాలంగాటి ప్రక్కనున్న పళయనూరిలో నీలి యను పిశాచి, పూర్వజన్మమునఁ దన్నుఁ జంపిన వర్తకునిపైఁ బగఁబూని, యతని భార్య రూపమున సభ కెక్కి కన్నీరు మున్నీరుగా నేడ్చి, గ్రామపెద్దలగు వేళ్లాళుల నమ్మించి, యతని నొంటిగాఁ జిక్కించుకొని చంపెను. ప్రాణమునకుఁ బూఁటపడిన డెబ్బదిమంది పెద్దలు మాట దక్కించుకొనుటకై యగ్నిప్రవేశము చేసిరి. తమిళులు బూటకపుటేడుపును నేఁటికిని “నీలిక్కణ్ణీర్” అందురు. తిరుత్తణి ప్రాంతము 1960 వఱకుఁ జిత్తూరు జిల్లాలోనిదే కనుక నీ కథ యిచటి తెలుఁగువారికి దూరపుది కాదు. అయినను నిందు ముఖ్యము కన్నీరు. తెలుఁగు నుడిలో ముఖ్యము వార్త. నీలి కథ యీ సీమలో నుడి యర్థమునకు బలము చేకూర్చి యుండవచ్చును. పుట్టుక మాత్ర మిందుఁ గానరాదు.

మూఁడవది ధర్మశాస్త్రము. బ్రాహ్మణుఁ డమ్మరాని వస్తువులలో మనువు మద్యముతోను లక్కతోను నీలిని జేర్చెను. నీలి యశుచి యను భావము దీనిచే లోకమున వ్యాపించి యుండును. కాని యశుచి వేఱు, అసత్యము వేఱు. మద్యమునకును లక్కకును నదే నిషేధమున్నను, “మద్యవార్త”, “లక్కవార్త” యని నుడులు పుట్టలేదు.

ఇఁక నాలవది నీలిపనివారి జనశ్రుతి. నీలికుండ చెడి రంగు పట్టకున్నప్పుడు పనివారు నమ్మరాని మాట నొకదానిని గల్పించి యూర విడుతురనియు, అది నలుగురి నోళ్లఁ బడి వ్యాపించినకొలఁది కుండ మరలఁ దేఱుకొనుననియు నీ జనశ్రుతి. నుడిలోని రెండు భాగములకును, అనఁగా నీలికిని వార్తకును, సరిపడు వివరణ మిదియొక్కటే. దీనికి హిందీభాష సాక్ష్య మిచ్చుచున్నది. అచటను “నీల్ కా మాఠ్ బిగడ్నా”, అనఁగా నీలిబాన చెడుట, యను జాతీయము కలదు. వింతయైన కల్ల యూర వ్యాపించినప్పుడు దానిని వాడుదురు. ఇంత యెడమైన రెండు భాషలలో నొకే వృత్తినుండి యొకే యర్థము పుట్టుట కాకతాళీయము కాఁజాలదు. నీలివార్త నక్కది కాదు, పిశాచిది కాదు, పనివానిది.

పనివాని కీ వెఱ్ఱినమ్మక మేల కలిగెనో రసాయనశాస్త్రము వలనఁ దెలియును. నీలి నీటఁ గరఁగదు. దానిని గరఁగించుటకు సున్నము, చౌడుమన్ను, బెల్లము, తగిరిస గింజలు మొదలగువానితోఁ గుండలోఁ బులియఁబెట్టుదురు. పులిసిన కుండలో నీలి తన రంగును గోల్పోయి పసుపుపచ్చని ద్రవమగును. అందు ముంచి తీసిన బట్ట మొదటఁ బచ్చగా నుండి, గాలి తగిలినంతనే కన్నులయెదుట నీలమగును. ఈ పులియుట కంటికిఁ గనఁబడని సూక్ష్మజీవుల పని. వేఁడి కొంచెము తగ్గినను, సున్నము కొంచెము హెచ్చినను నది నిలిచిపోవును. పనివానియొద్ద నుష్ణమాపకము లేదు; వాసన, రుచి, నురుగు రంగు మాత్రమే యతనికిఁ గొలతలు. ఆ కొలతలన్నియుఁ దప్పినపుడు చేయఁదగినది వేచియుండుటయే. ఊరివారి నోళ్ల కొక కల్ల నిచ్చి, తాను వేచియుండెను. కుండ తేఱుకొన్న దినమున వార్తకుఁ గీర్తి కలిగెను. నీలివార్త యను నుడి యీ విధమున నొక శిల్పరహస్యమునకు గుర్తు. దాని తెలివికిని, ఆ తెలివి కున్న హద్దునకును గూడ గుర్తు.

ఇచట సాహిత్యవిమర్శకులు గమనింపవలసిన విశేష మొకటి కలదు. అలంకారశాస్త్రమున నీలికిఁ గల్లతో సంబంధమే లేదు. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున ననురాగమును నీలీరాగము, కుసుంభరాగము, మంజిష్ఠారాగము అని మూఁడు తెఱఁగులుగా విభజించెను. కుసుంభరాగము మిక్కిలి ప్రకాశించి తొలఁగిపోవును. మంజిష్ఠారాగము ప్రకాశించుటయే కాక తొలఁగకుండును. నీలీరాగము పైకంతగా ప్రకాశింపదు. కాని యెన్నఁటికిని బోదు. దీనికి సీతారాముల ప్రేమ యుదాహరణము. ఒకే రంగు శాస్త్రమున స్థిరప్రేమకును, లోకమున నస్థిరమైన మాటకును బేరయ్యెను. దీనికి సమాధానము సులభము. కవి బట్టను జూచెను; లోకము కుండను జూచెను. ఉతికినను బోని బట్ట కవికి సత్యమునకుఁ జిహ్నమయ్యెను. ఎప్పుడు చెడునో తెలియని కుండ లోకమునకు నసత్యమునకుఁ జిహ్నమయ్యెను. బట్టకును గుండకును నడుమ నిలిచిన మనుష్యుని నిరువురును జూడలేదు.

ఆ మనుష్యుని సంఖ్య యల్పము కాదు. కడప, కర్నూలు, నెల్లూరు, ఆర్కాటు మండలములలో నీలి ముఖ్యమైన వాణిజ్యపుఁ బంటగా నుండెను. లండను విపణిలోఁ జెన్నపురి నీలిమందునకుఁ గడప పేరనే “కర్పా” యను వ్యవహార ముండెను. బంగాళమునఁ బచ్చియాకును నానవేయుట యాచారము. చెన్నపురి రాజధానిలో నాకు నెండించి నానవేయు పద్ధతియు నుండెను. ఆకులో నీలి నీలిగా నుండదు. నానినపుడు వెలువడు ద్రవమును వేఱొక తొట్టిలోనికి విడిచి, గాలి సోఁకునట్లు గంటలకొలఁది చిలుకఁగా నది నీలమై యడుగునకు దిగును. దానిని గాఁచి, వడకట్టి, నొక్కి, బిళ్ళలుగాఁ గోసి యారఁబెట్టుదురు. కోఁతకూలి, మోఁతకూలి, తొట్టి చిలుకువాఁడు, కాఁచువాఁడు, బిళ్ళలు కోయువాఁడు — ఇందఱి యన్న మొక్క యాకుమీఁద నాధారపడియుండెను.

జర్మనీలో నడాల్ఫ్ ఫన్ బాయర్ 1865లో నీలి నిర్మాణమును శోధింప మొదలిడి, 1880 నాఁటికి దానిని గృత్రిమముగాఁ జేయు మార్గము కనుఁగొనెను; 1883లో దాని యణునిర్మాణమును నిరూపించెను. కాని ప్రయోగశాలనుండి కర్మాగారమునకు మార్గము సుదీర్ఘమైనది. లూడ్విగ్స్‌హాఫెన్ నగరమందలి బి.ఏ.ఎస్.ఎఫ్. సంస్థ యిందుకై సుమారు 1 కోటి 80 లక్షల బంగారు మార్కులను వ్యయించి, బొగ్గుతారునుండి వచ్చు నాఫ్తలీను మూలద్రవ్యముగా 1897లోఁ గృత్రిమనీలిని విపణికిఁ దెచ్చెను. ఆ కర్మాగారమునఁ బులియఁబెట్టుట లేదు, వేచియుండుట లేదు. వాన కురిసినను గురియకున్నను నొకే తీరున నీలి దిగును.

ఈ వార్త హిందూదేశమునకు వచ్చినపుడు తోఁటదొరలు దానిని బెద్దగా లెక్కసేయలేదు. ప్రకృతినీలిలోని యితర ద్రవ్యములు బట్టకిచ్చు కాంతి కృత్రిమనీలికి రాదనియు, నది నిలువఁజాలదనియు వాదించిరి. బీహారులో రాసన్, బెర్గ్‌తైల్ మొదలగు శాస్త్రజ్ఞులను నియమించి తొట్టులను సంస్కరింపఁజూచిరి. ఈ ప్రయత్నము లాలస్యమైనవి. కల్లమాటకుఁ దన పేరిచ్చిన వృత్తి, తన్ను గూర్చి వచ్చిన నిజమైన వార్తను గల్ల యనుకొనెను. నీలి చరిత్రమున నింతకన్న విషాదకరమైన సంగతి లేదు. 1897లో లోకమున సుమారు 19,000 టన్నుల ప్రకృతినీలి తయారయ్యెను; 1914 నాఁటికి నది 1,000 టన్నులకు దిగెను. ఆ యేఁట మొదలైన మహాయుద్ధము జర్మనీ సరకును నిలిపి నీలితొట్టులకుఁ గొన్నాళ్లు ప్రాణము పోసెను. యుద్ధము ముగియఁగానే యదియుఁ బోయెను.

నష్ట మెవరిపైఁ బడినది? చంపారనులోఁ దోఁటదొరలు నీలి గిట్టుబాటు కాకపోఁగాఁ దమ నష్టమును రైతులమీఁదికిఁ ద్రోసిరి. నీలి వేయు నిర్బంధమునుండి విడుదల చేయు నెపమునఁ బన్నులు పెంచి దానికి “శరహబేషీ” యనిరి; యొక్కమొత్తముగా గ్రహించిన పైకమునకుఁ “దావాన్” అని పేరిడిరి. 1917లో గాంధి యచటికిఁ బోయినది యీ యన్యాయమును విచారించుటకే. అచ్చట నెదుట నిలుచుట కొక దొర యుండెను, విచారణసంఘ ముండెను, చట్టము వచ్చెను. తెలుఁగునాట పరిస్థితి వేఱు. ఇచట బీహారునందువలె దొరల తోఁటలు ప్రబలినవి కావు; రైతులును, జిన్న వర్తకులును దమ తొట్టులను దామే నడపిరి. పనివానిఁ బిలిచి “నీకుఁ బని లేదు” అని చెప్పినవాఁ డెవఁడును లేఁడు. ఒక యేఁడు ధర పడిపోయెను. మఱుసటి యేఁడు రైతు నీలికి మాఱుగా వేఱుపైరు వేసెను. తొట్టి చిలుకువానికిఁ బిలుపు రాలేదు. అంతే జరిగినది. తొలగించినవాఁడు లేని తొలగింపు కనుక ఫిర్యాదు లేదు; ఫిర్యాదు లేదు కనుక విచారణ లేదు; విచారణ లేదు కనుక గ్రంథము లేదు.

వాఙ్మయముయొక్క మౌనమునకును నిదియే కారణము. బంగాళమున దీనబంధు మిత్రుఁడు 1860లో “నీలదర్పణము” వ్రాసెను. దాని యాంగ్లానువాదమును బ్రకటించినందులకు జేమ్సు లాంగు 1861లో నెలనాళ్ల చెఱను, వేయిరూపాయల జరిమానాను బొందెను. ఆ నాటకమున దుష్టుఁడు స్పష్టుఁడు, బాధితుఁడు స్పష్టుఁడు. నాటకమునకుఁ గావలసిన సామగ్రి చేతికందినది. కాని నీలదర్పణము వర్ణించినది నీలి బలవంతముగా వేయించిన కష్టమును. నీలి లేకపోయిన కష్టమును గాదు. తెలుఁగునఁ గన్యాశుల్కము మొదటి కూర్పు వెలువడినది 1897లోనే. ఒకే సంవత్సరమున నొకచోట సాంఘికనాటకము, వేఱొకచోటఁ గృత్రిమనీలి పుట్టినవి. సంఘమునఁ గనఁబడు దురాచారమును బట్టిచూపు నేర్పు తెలుఁగు రచయిత కప్పటికే కలదు. కనఁబడని నష్టమును బట్టిచూపు నేర్పు రాలేదు. 1922లో వెలువడిన “మాలపల్లి”లో వ్యవసాయకూలీల కూలిసమస్య ప్రవేశించినది. అచటను గూలి యిచ్చువాఁడు, పుచ్చుకొనువాఁడు నెదురెదురుగా నుండిరి.

చేనేతకు వచ్చిన భాగ్యము నీలికి రాకపోవుట గమనింపఁదగినది. మిల్లుబట్టవలన నేతగాఁడు చెడెనని దేశమంతయు నెఱుఁగును; ఖద్దరుద్యమము రాట్నమును జెండామీఁదికే యెక్కించెను; కవులు దానిని బాడిరి. రాట్న మింట నుండును, శుభ్రముగా నుండును, తిరుగుచుండఁగాఁ జక్కగాఁ గనఁబడును. నీలికుండ దుర్గంధము గలది; ఊరి యంచున నుండునది; స్మృతులు నిషేధించినది; తోఁటదొరల పేరుతో మాసినది. వృత్తినాశమునఁ గూడఁ జూడముచ్చటయైనదానినే కవులు వరించిరనుట కఠినోక్తి కావచ్చును; అసత్యము కాదు.

దీనిపై నాక్షేపము రావచ్చును: కావ్యము పద్దుపుస్తకము కాదు; నశించిన ప్రతివృత్తికి నొక కావ్యమును గోరుట విమర్శకుని యధికారము కాదు. ఈ యాక్షేపము న్యాయమే. రసము లేనిచోటఁ గావ్యమును నిర్బంధింపరాదు. కాని నిఘంటుకారునకును, పరిశోధకునకును నీ మినహాయింపు చెల్లదు. నీలివార్తకుఁ గల్లమాట యని యర్థము వ్రాసి యూరకుండినచో, పనివాని నిందను నిలిపి పనివానిని దొలఁగించినట్లగును. కుండ చెడుట యేమో, చెడినపు డేమి చేసెడివారో, తగిరిస గింజ యెందులకో చెప్పినపుడే యా మాట యర్థము పూర్తియగును.

కర్మాగారముల చరిత్రము తానుగూడ నొక పాఠము చెప్పుచున్నది. కడప నీలిని విపణినుండి తఱిమిన బి.ఏ.ఎస్.ఎఫ్. సంస్థయే 2023 ఫిబ్రవరిలోఁ దన కొలువులలో 2,600 తగ్గింతుననియు, లూడ్విగ్స్‌హాఫెన్‌లోని రెండు అమోనియా యంత్రశాలలలో నొకదానిని, మఱికొన్ని శాలలను మూయుదుననియుఁ బ్రకటించెను. ఇంధనపు వెల పెరుగుట యందులకుఁ జెప్పఁబడిన కారణములలో ముఖ్యము. ఒకనాఁడు నవీనమైన శాల మఱియొకనాఁడు ప్రాఁతదగును; ఆ ధర్మమునకు జర్మనీ వెలి కాదు. కాని భేదమొకటి కలదు. లూడ్విగ్స్‌హాఫెన్‌లోఁ బోవు కొలువుల సంఖ్య ముందే ప్రకటింపఁబడినది, కార్మికుల ప్రతినిధులు సంస్థతో మాటలాడుదురు, పత్రికలు వ్రాయును. కడప తొట్టులలోఁ బని పోయినవారి సంఖ్య నెవరును బ్రకటింపలేదు. వారికి మిగిలిన గుర్తు భాషలోని యొక్క నిందావాచకము.

కథ యింతటితో ముగియలేదు. నీలికుండను బులియఁబెట్టు శ్రమను దప్పించినది సోడియము హైడ్రోసల్ఫైటు అను తెల్లని పొడి. ఇరువదవ శతాబ్దపుఁ దొలిపాదముననే యది విపణికి వచ్చి, బెల్లము, తగిరిస చేయు పనిని నిమిషములలోఁ జేసెను. ఆ పొడియే “హైడ్రోసు” అను పేర నేఁడు బెల్లపుఁ బెనములఁ జేరినది. పాకమునకుఁ దెలుపు వచ్చుటకు దానిని జల్లుదురు. బంగారుపాళ్యము చుట్టు చెఱకును, బెల్లమును నెఱుఁగనివారు లేరు. ఒకప్పుడు బెల్లము నీలికుండకు మేఁత. నేఁడు నీలికుండను మాన్పిన మందు బెల్లమునకే మేఁతయైనది. పాకము రంగును గంటితోఁ జూచి, తీఁగెను వ్రేళ్లతోఁ బట్టి తెలిసికొను నేర్పునకుఁ బ్రక్కనే రసాయనము నిలిచినది. హైడ్రోసునకుఁ దెలుఁగున నింకను సామెత పుట్టలేదు.

గానుగ, పెనము, పాకము, అచ్చు — ఈ మాటలు నేఁడు పలుకుచున్న నోళ్లు బంగారుపాళ్య ప్రాంతమున నున్నవి. వాని యర్థమును, వాని వెనుకనున్న పనిని జెప్పఁగలవా రున్నప్పుడే వ్రాసికొనుట పరిశోధకుల విధి. నీలివిషయమున నా విధి తప్పినది. అందుచేతనే నీలివార్త పుట్టుకను నేఁడు నక్కకథలనుండియు, పిశాచికథలనుండియు వెదకి, హిందీజాతీయమును సాక్షిగాఁ బిలిచి నిర్ణయింపవలసివచ్చినది. కడప తొట్టి చిలికినవానిని నొకమాఱడిగి యుండినచో నింత విచార మవసరమే లేకపోయెడిది. ఇఁకమీఁద నిఘంటువులలో నీలివార్త యను పదమున కెదుటఁ గల్లమాట యను నర్థముతోపాటు నీలికుండను, దానియొద్ద వేచియున్న పనివానిని గూడఁ జేర్తురు గాక.